గూడబాతులకి సరిపడే తప్పు

మా ఆయనకి గొంతు ఆపరేషన్ అయిన రోజు కొల్లేటి పక్షులకి పండగ.

ఊరికే అంటున్న మాట కాదిది. పంతొమ్మిదేళ్ళుగా సుబ్బరాజుగారి అరవై ఎకరాల చేపల చెరువుకి ఆయనే కాపలా. కాపలా అంటే దొంగల కోసం కాదు, పక్షుల కోసం. ఆ అరవై ఎకరాలు కొల్లేటి అభయారణ్యం లోపల ఉన్నాయా, బయట ఉన్నాయా అన్నది కోర్టులో ఇంకా తేలలేదు గానీ, పక్షులకి మాత్రం ఏనాడూ అనుమానం లేదు. కొంగలు, నీటికాకులు, చలికాలంలో పడవల్లా తేలుతూ వచ్చే గూడబాతులు, అన్నీ తాతలనాటి ఆస్తిలోకి దిగినట్టు దిగి చేపల్ని మింగేస్తాయి. టపాసులు కాలిస్తే అటవీశాఖ వాళ్ళు వచ్చి పేరు రాసుకుంటారు. అరవై ఎకరాల మీద వల కప్పడం ఎవరి తరమూ కాదు. అందుకని మా ఆయన అరిచేవారు.

ఆయన పేరు సత్యనారాయణమూర్తి. చెరువుల మీద అందరూ కేకల మూర్తి అంటారు. గట్టు మీద నిలబడి, లుంగీ ఎగ్గట్టి ఒక్క ‘హో’ అంటే అవతలి గట్టు మీద కొంగ కూడా మరోమాట లేకుండా లేచిపోయేది. రోడ్డు మీద వెళ్తున్న బస్సు డ్రైవరు తననే ఆపమంటున్నారనుకుని రెండుసార్లు బస్సు ఆపాడు.

చిక్కల్లా ఏమిటంటే, ఆయనకి వేరే గొంతు లేదు. బయట అరిచినట్టే ఇంట్లోనూ మాట్లాడేవారు. మా ఇల్లంటే గట్టు మీద రేకుల షెడ్డే. రాత్రి అన్నం దగ్గర “ఇంకొంచెం చారు పొయ్యి” అంటే, పక్క చెరువు కాపలా పేతురు మర్నాడు “ఏం వదినా, అన్నయ్యకి చారు పోశారా” అని అడిగేవాడు. పెళ్ళయిన కొత్తలో ఆయన నాతో చెప్పిన ముద్దుమాటలు నాలుగు చెరువుల వాళ్ళకి కంఠతా వచ్చు. ఆ సిగ్గుతో నేను నోరు ఇంకా తగ్గించుకున్నాను. ఇంటికి కావలసిన చప్పుడంతా ఆయనొక్కరే చేస్తుంటే మధ్యలో నేనెందుకు?

దసరా వెళ్ళాక ఆయన గొంతు బొంగురుపోయింది. మిరియాల కషాయం తాగించాను, తులసి నమిలించాను. ‘హో’ అంటే ‘హ’ వచ్చేది, ‘ఓ’ వచ్చేది కాదు. ఏలూరు తీసుకెళ్తే డాక్టరమ్మ గొంతులోకి కెమెరా పంపి, మాట పుట్టే చోట బుడిపె లేచిందని, కోసేయాలని చెప్పారు. కోసేశారు. మర్నాడు మంచం పక్కన నిలబడి జాగ్రత్తలు చెప్పారు.

“మూడు వారాలు ఒక్క మాట కూడా మాట్లాడకూడదండి. గుసగుసగా కూడా వద్దు, దానివల్ల ఇంకా చెరుపు. ఈలోగా ఒక్క కేక వేశారంటే, తర్వాత కేక సంగతి అటుంచండి, మామూలు మాట కూడా రాకపోవచ్చు. అర్థమైందా?”

“అలాగేనండి” అన్నారు మా ఆయన.

డాక్టరమ్మ కాసేపు కళ్ళు మూసుకుని, చీటీ మీద మూడు కొట్టేసి ఆరు రాశారు.

మా అమ్మాయి ఇందుజ తాడేపల్లిగూడెంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. ఆసుపత్రికి వచ్చి, తండ్రికి ఒక పలక, పెట్టెడు బలపాలు కొనిచ్చి వెళ్ళింది. ఆయన చేతిరాత కోడిగీతల్లా ఉంటుందని అప్పుడే తెలిసింది నాకు. పంతొమ్మిదేళ్ళలో ఆయన నాకు రాసి చెప్పవలసిన అవసరం ఎప్పుడు వచ్చింది కనక?

మేం గట్టు మీదకి తిరిగొచ్చేసరికి చెరువు నిండా పక్షులు. సుబ్బరాజుగారు చెడ్డవారు కాదు. ఎక్కణ్ణించో ఒక స్పీకర్ పెట్టె తెచ్చి, తుపాకీ చప్పుళ్ళు వచ్చేలా పెట్టి, గట్టు మధ్యలో గుంజకి కట్టించారు. మొదటిరోజు పక్షులన్నీ లేచిపోయాయి. మూడోరోజుకి కాస్త పక్కకి జరిగి చూశాయి. ఐదోరోజు ఒక గూడబాతు వచ్చి ఆ పెట్టె మీదే కూర్చుని, తుపాకులు పేలుతుండగా రెక్కల కింద ముక్కు పెట్టుకుని నిద్రపోయింది.

“చూడు సుగుణమ్మా, మూర్తిని తీసేస్తానని నేననను. కానీ చేప పెరగాలి కదమ్మా” అన్నారు సుబ్బరాజుగారు. “చేపల పట్టుబడి దాకా ఎవరో ఒకరు అరవాలి. వారంలో దారి చూసుకోకపోతే వేరే మనిషిని పెట్టుకోవాలి. పెట్టుకుంటే ఈ షెడ్డు కూడా వాళ్ళకే ఇవ్వాలి.”

మా ఆయన ఆ మాట విని మంచం మీంచి లేచారు. ఛాతీ పొంగడం చూశాను. నోరు తెరుచుకోబోతోంది. ఇంకో క్షణమైతే ఏలూరులో కోసి కుట్టిందంతా పోయేది.

“నేను అరుస్తానండి” అన్నాను.

ఎంత మెల్లగా అన్నానంటే, సుబ్బరాజుగారు “ఏంటమ్మా?” అని మళ్ళీ అడిగారు.

*

మర్నాడు తెల్లవారేసరికి నా చదువు మొదలైంది. మా ఆయన తన విద్యని ఇంత పద్ధతిగా దాచుకున్నారని నాకు తెలీదు. పలక మీద ‘మొదటి పాఠం. కడుపు’ అని రాసి చూపించారు. కేక గొంతులోంచి రాకూడదట, బొడ్డు కిందనించి రావాలట. ఒక చేత్తో నా పొట్ట నొక్కి, రెండో చేత్తో ఆకాశం చూపించేవారు. స్టీలు పళ్ళెం, గరిటె తెచ్చుకుని పక్కన కూర్చునేవారు. ఒకసారి కొడితే మళ్ళీ అరవమని. రెండుసార్లు కొడితే ఆపమని. మూడుసార్లు కొడితే తన ఖర్మ అని.

పొద్దున్నే పచ్చి గుడ్డు తాగించారు. చెరువుకి నీళ్ళొచ్చే బోదెలో మెడలోతున నిలబెట్టి ఊపిరి బిగబట్టించారు. నేను ‘హో’ అన్నాను. వారం రోజులు ‘హో’ అన్నాను. నా ‘హో’ పక్కింటి పిన్నిగారిని పలకరించినట్టుండేది. ఎనిమిదోరోజు నేను ‘హో’ అనగానే నాలుగు కొంగలు నడుచుకుంటూ గట్టు దగ్గరికొచ్చి నిలబడ్డాయి. భోజనానికి పిలిచాననుకున్నాయి కాబోలు.

పళ్ళెం మూడుసార్లు మోగింది. పలక మీద ‘కోపంగా’ అని రాశారు.

“ఎవరి మీదండీ?”

‘పక్షుల మీద.’

“పాపం, వాటికి ఆకలేస్తోంది, తింటున్నాయి. వాటి మీద నాకు కోపమెందుకు వస్తుంది?”

ఆయన పలక తుడిచి, చాలాసేపు రాసి, కింద ఒక గీత గీసి నా మొహం ముందు పెట్టారు. ‘నీకు కోపమే రాదు. నీలో ఉన్న లోపం అదే.’ ఆ గీత కింద ఇంకో గీత గీశారు.

ఆ రెండో గీత గీయకుండా ఉండవలసింది.

“నాకు కోపం రాదా?” అన్నాను. “పెళ్ళయిన ఏడాది తాడేపల్లిగూడెం సినిమాకి తీసుకెళ్ళి, ఇంటర్వెల్ కాకుండానే చెరువులో ఆక్సిజన్ పడిపోతోందని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేశారు. ఆ పిల్ల ఆఖరికి ఎవర్ని చేసుకుందో నాకిప్పటికీ తెలీదు.”

ఆ అరుపు నాదేనని నాకు కాసేపటి దాకా తెలీలేదు. చెరువు మధ్యనించి నలభై యాభై కొంగలు ఒక్కసారి లేచాయి. మా ఆయన చేతిలో గరిటె జారి కింద పడింది. కడుపులోంచి అంటే ఇదే కాబోలు అనుకున్నాను.

ఆయన గబగబా ‘మళ్ళీ’ అని రాశారు. మళ్ళీ అదే సినిమా గురించి అరిచాను. ఒక్క ఈక కదల్లేదు. చెప్పేశాక ఆ కోపం చల్లారిపోయింది, అదీ కారణం. ఇంకొకటి వెతుక్కోవాలి.

వెతుక్కోవడం కష్టం కాలేదు.

“మా పుట్టింటివాళ్ళు పెట్టిన ఇత్తడి బిందెలో చేపల మేత కలిపారు మీరు.” కొంగలు లేచాయి.

“పిల్ల పుట్టిందని ఆసుపత్రి గుమ్మంలో నిలబడి ‘ఆడపిల్ల’ అని అరిచారు. కానుపు కాని వాళ్ళు కూడా తమకే పుట్టిందనుకుని ఏడుపు మొదలెట్టారు.” కొంగలు, కొన్ని నీటికాకులు లేచాయి.

“మా తమ్ముడొస్తే వాడి ముందు నన్ను ‘దీనికేం తెలుసు’ అన్నారు. ఒకసారి కాదు.” ఈసారి నీటికాకులన్నీ లేచి రెండు చెరువుల అవతల వాలాయి.

పది రోజుల్లో నాకు ఈ విద్య లోతుపాతులు తెలిసిపోయాయి. కొంగలకి చిన్నాచితకా తప్పులు చాలు. కూరలో ఉప్పెక్కువైందని పళ్ళెం తోసేయడం లాంటివి. నీటికాకులు లేవాలంటే కాస్త మనసు నొచ్చుకున్న సంగతి కావాలి. గూడబాతు బరువైన పక్షి, దానికి బరువైన తప్పే కావాలి. ఒకసారి అరిచిన తప్పు వెంటనే పనిచెయ్యదు. వారం ఆగితే మళ్ళీ కొంచెం పనిచేస్తుంది. జవాబు రాలేదు కదా, లోపల మళ్ళీ ఊరుతుంది. కానీ ఊరిన ప్రతిసారీ కాస్త పలచనవుతుంది.

జవాబు చెప్పాలని మా ఆయనకి లేకపోలేదు. నేను అరుస్తుంటే పక్కన గొంతుక్కూర్చుని బలపం అరగదీసేవారు. ‘ఆ బిందె సంగతి నాకు తె’ దాకా రాసేసరికి నేను ఆసుపత్రికి వెళ్ళిపోయేదాన్ని. అది తుడిచి ఆసుపత్రి గురించి మొదలెట్టేసరికి మా తమ్ముడి దగ్గరుండేదాన్ని. నా కళ్ళు పక్షుల మీద ఉంటే పలక ఎవరు చదువుతారు? పెళ్ళాం అరుస్తుంటే మొగుడు నోరు మెదపని కాపురం ఈ రెండు జిల్లాల్లో మాదొక్కటే అయ్యుంటుంది.

అందుకే జనం పోగయ్యారు. ముందు పేతురు వచ్చాడు, తర్వాత వాళ్ళావిడ క్యారేజీతో వచ్చింది. నాలుగోరోజుకి చుట్టుపక్కల చెరువుల వాళ్ళందరూ గట్టు మీద తువ్వాళ్ళు పరుచుకుని కూర్చున్నారు. పేతురు వాళ్ళావిడ నా చెవిలో “వదినా, నీవి అయిపోతే మా ఆయనవి కూడా వాడుకో, బోలెడున్నాయి” అంది. మొహమాటానికి ఒకటి వాడి చూశాను. పేతురు అత్తవారి రేడియో అమ్మేసిన సంగతి అరిచాను. అరువు కోపానికి పిచ్చిక కూడా లేవలేదు. పేతురు మాత్రం లేచి వెళ్ళిపోయాడు.

సుబ్బరాజుగారు వచ్చి చూసి సంతోషించారు. “ఇంకా ఎన్నున్నాయమ్మా?” అని అడిగారు, బస్తాల లెక్క అడిగినట్టు.

“పెద్దవి ఎక్కువ లేవండి.”

“పట్టుబడి దాకా రావా?”

రావు. అసలు ఇబ్బంది అక్కడే వచ్చింది. నోరు మూతపడ్డాక మా ఆయన చాలా మంచివారైపోయారు. పొద్దున్నే లేచి నాకు పుక్కిలించడానికి వేడినీళ్ళు కాచేవారు. అంట్లు తోమేవారు. అరిచి అరిచి నేను కూలబడితే వెనక చేరి వీపు రాసేవారు. ఎన్ని తిట్లు తిన్నా పలక పక్కన పెట్టి, తేనె చెంచా నా నోటికందించేవారు. అలాంటి మనిషి మీద కొత్త కోపం ఎక్కణ్ణించి తెచ్చేది?

సుబ్బరాజుగారు ఆయన్ని పక్కకి పిలిచి చెప్పడం నేను విన్నాను. “ఏదో ఒకటి చెయ్యవయ్యా మూర్తీ. ఆవిడకి కోపం రావాలి. ఇలా బుద్ధిగా ఉంటే చెరువు గుల్లైపోతుంది.”

మా ఆయన తల గోక్కున్నారు. మర్నాడు పొద్దున్న నేను చూస్తుండగా పప్పుగిన్నె తీసుకుని, ఒకసారి నా వంక చూసి, నెమ్మదిగా నేల మీద ఒంపారు. ఒంపి, వెంటనే గుడ్డ తెచ్చి తుడిచేశారు. నాకు నవ్వాగలేదు. ఇక ఆ పూట చెరువు పక్షులదే.

నిజం చెప్పాలంటే పెద్దది ఒకటి నా దగ్గరుంది. ఏడేళ్ళుగా ఉంది. దాన్ని పక్షుల మీద వాడటం నాకు ఇష్టం లేదు. అది ఆయనకి చెప్పవలసిందే గానీ, చెప్తే ఆయన గట్టిగా ఏదో ఒక జవాబు చెప్తారు, ఆ జవాబు నాలుగు చెరువుల వాళ్ళతో పాటు నేనూ వినాలి. దానికన్నా చెప్పకపోవడమే మేలనిపించేది.

*

ఐదోవారం చివర గూడబాతులు వచ్చాయి. అంతకుముందు పదీ ఇరవై వచ్చేవి. ఆ రోజు పొద్దున్న ఎనిమిదింటికి మూడు వందల పైనే దిగాయి. వరస కట్టి, రెక్కలతో నీళ్ళు కొడుతూ చేపల్ని మూలకి తోలాయి. ముక్కు కింద సంచులు తెరిచి ముంచడం మొదలెట్టాయి. వలేసి లాగినా అంత చేప రాదు.

ఉన్నదంతా అరిచాను. బిందె అరిచాను, ఆసుపత్రి అరిచాను, తమ్ముణ్ణి అరిచాను. ఏలూరులో పాకుడు రంగు చీర కొనుక్కొచ్చి ‘నీకిదే నప్పుతుంది’ అన్నది అరిచాను. కొంగలు మర్యాదకి లేచాయి. గూడబాతులు తల కూడా తిప్పలేదు. గట్టు మీద జనం లేచి నిలబడ్డారు. సుబ్బరాజుగారి కారు వచ్చి ఆగింది. ఆయన దిగి, చెరువు వంక చూసి, నడుం మీద చేతులు పెట్టుకున్నారు.

అప్పుడు మా ఆయన పలక కింద పెట్టారు. లేచి, లుంగీ ఎగ్గట్టారు. రెండు కాళ్ళూ ఎడంగా పెట్టారు. ఆ నిలబడటం నాకు తెలుసు. పంతొమ్మిదేళ్ళు చూశాను. పొట్ట లోపలికి పోయి ఛాతీ నిండుతోంది. ఇంకో వారం ఆగితే చాలన్న గొంతు. అది ఇప్పుడు పోతే మళ్ళీ ఎవరూ తేలేరు.

ఆయన్ని ఆపాలనుకున్నానో, పక్షుల్ని లేపాలనుకున్నానో నాకు తెలీదు. ఆయన మొహంలోకి చూస్తూ అరిచాను.

“మా అమ్మ పోయిన రోజు పొద్దున్న ఆరింటికి మా తమ్ముడు మీకు ఫోను చేశాడు. నాకు తెలీదనుకున్నారా? ఆరింటికి చేశాడు. ఆ రోజు పట్టుబడి, చెరువులో వలుంది. మీరు నాకు సాయంత్రం నాలుగింటికి చెప్పారు. అది కూడా దగ్గరికొచ్చి చెప్పలేదు. అవతలి గట్టు మీంచి అరిచారు, ‘మీ అమ్మ పోయింది’ అని. నాకన్నా ముందు నాలుగు చెరువుల వాళ్ళు విన్నారు. నేను పుట్టింటికి నల్లజర్ల వెళ్ళేసరికే, చీకటి పడకూడదని అమ్మని తీసుకెళ్ళిపోయారు. నేను మా అమ్మ మొహం చూడలేదు. పొగ చూశాను. ఏడేళ్ళయింది. వల ముఖ్యమా మీకు, మా అమ్మ మొహం కన్నా?”

మా చెరువులో గూడబాతులే కాదు, పేతురు చెరువులోవి, ఆ అవతలి చెరువులోవి, కొల్లేటి మీద ఎక్కడెక్కడివో అన్నీ లేచాయి. ఎండ ఆగిపోయినట్టయింది. ఆ రెక్కల చప్పుడు తగ్గడానికి చాలాసేపు పట్టింది. తగ్గాక చూస్తే పేతురు తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. సుబ్బరాజుగారు కారెక్కి వెళ్ళిపోయారు. జనం ఒక్కొక్కరే తువ్వాళ్ళు దులుపుకుని గట్టు దిగారు.

మా ఆయన పీల్చుకున్న ఊపిరి అలాగే బిగబట్టుకుని ఉన్నారు. అది మెల్లగా వదిలారు. పలక తీసుకుని, గట్టు మీద కూర్చుని రాశారు. ఇటు రాసి, అటు తిప్పి కూడా రాశారు. తెచ్చి నాకిచ్చారు.

“చదవను” అన్నాను. “పలక మీద రాసింది తడిచెయ్యి తగిల్తే పోతుంది. నోటితో చెప్పాలి మీరు.”

అన్నాక తెలిసింది ఎంత పని చేశానో. ఆయన నా వంక చూస్తూ పెదాలు విప్పారు. గొంతు దగ్గర నరం కదిలింది. నిజంగానే మాట్లాడబోతున్నారు. గొంతు పోయినా సరే చెప్పేద్దామనుకున్నారు.

చటుక్కున నా అరచెయ్యి ఆయన నోటి మీద పెట్టి అదిమేశాను.

“ఇప్పుడొద్దు. డాక్టరమ్మ చెప్పాక.”

అలాగే నిలబడ్డాం. ఆయన మీసం తడిగా నా చేతికి తగిలింది. కళ్ళల్లోంచి కారిందే.

తర్వాత వారం రోజులూ చెరువు మీద ఒక్క పక్షి వాలలేదు. నాకు అరిచే పని లేకపోయింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా అన్నం తిన్నాం. నాకు రెండు భయాలు. ఒకటి, ఆయన గొంతు రాదేమో, ఆ మాట నేను ఎప్పటికీ విననేమో అని. రెండోది, గొంతు వచ్చి, ‘పట్టుబడి కదా మరి’ అంటారేమో అని. రెండో భయమే పెద్దది.

*

ఏలూరులో డాక్టరమ్మ మళ్ళీ కెమెరా పంపి చూశారు. ఇందుజ కూడా తాడేపల్లిగూడెం నించి వచ్చి నా చెయ్యి పట్టుకుని నిలబడింది.

“ఏదీ, మెల్లగా ‘ఆ’ అనండి.”

“ఆ” అని వినపడింది. ఎవరన్నారా అని చుట్టూ చూశాను. గదిలో మేం నలుగురమే. అంత చిన్న గొంతు మా ఆయనదని నమ్మడానికి కాస్త టైము పట్టింది.

“బాగా మానిందండి” అన్నారు డాక్టరమ్మ. “రోజుకి ఐదు నిమిషాలే మాట్లాడండి, అది కూడా ఇలాగే. నెల తర్వాత పెంచుదాం. కేకలు మాత్రం ఇంక జన్మలో వద్దు.”

మా ఆయన తలూపారు. బయటికొచ్చాక ఇందుజ “నాన్నా, నాతో ఒక నిమిషం మాట్లాడు” అంది. ఆయన అడ్డంగా తలూపి, దాని తల నిమిరారు. “నాకు ఒక్క నిమిషం కూడా లేదా” అని అది మూతి ముడుచుకుని రైలుకి వెళ్ళిపోయింది.

బస్టాండులో సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. ఒక పక్క మైకులో బస్సుల పేర్లు చెప్తున్నారు. ఇంకో పక్క కండక్టరు గూడెం, గూడెం అని కేకలేస్తున్నాడు. మా ఆయన చేతి గడియారం చూసుకుని, నావైపు తిరిగి పెదాలు కదిపారు. నాకు ఏమీ వినపడలేదు.

“కాస్త గట్టిగా చెప్పండి” అన్నాను. ఆయనతో ఆ మాట అనడం నా కాపురంలో అదే మొదలు. అనేసి నాలిక కరుచుకుని, జరిగి నా చెవి ఆయన నోటి దగ్గర పెట్టాను. ఆయన ఊపిరి చెవికి వెచ్చగా తగిలింది.

“ఫోను ఆరింటికే వచ్చింది” అన్నారు. “వల కోసం కాదు.”

ఆగి, ఊపిరి తీసుకున్నారు.

“అది అరిచి చెప్పే కబురు కాదు. నాకు మెల్లగా చెప్పడం రాదు. నీ దగ్గరికి రెండుసార్లు వచ్చాను. నువ్వు బియ్యం ఏరుతున్నావు. నోరు తెరిస్తే అరుపే వస్తుందని వెళ్ళిపోయాను. గట్టు చుట్టూ తిరుగుతూ మెల్లగా చెప్పడం నేర్చుకుందామని చూశాను. ‘మీ అమ్మ’ దాకా వచ్చేది. ఆ తర్వాత పెద్దదైపోయేది. నాలుగైపోయింది. ఇంక పొద్దు లేదని, ఉన్నచోట్నించే అరిచేశాను.”

మళ్ళీ ఆగారు.

“తప్పు నాదే సుగుణా. పేతురు చేత చెప్పించినా నువ్వు చూసేదానివి. నాకు తోచలేదు.”

నాకు ఏడుపొచ్చింది. ఏడేళ్ళ కిందట పొగ చూస్తూ నిలబడ్డప్పుడు రానిది, ఏలూరు బస్టాండులో అంతమంది మధ్య వచ్చింది. మెల్లగా ఏడవడం నాకూ చేతకాలేదు. అరవడం నేర్చుకున్నాను కదా, ఏడుపు కూడా కడుపులోంచే వచ్చింది. మైకు ఆగింది. కండక్టరు గూడెం అనడం మానేసి నా వంక చూశాడు. మా ఆయన జనానికీ నాకూ మధ్య అడ్డంగా జరిగి కూర్చుని, నేను ఆపేదాకా నా వీపు రాస్తూ ఉండిపోయారు.

ముక్కు చీదుకుని చూస్తే, లోపల ఏడేళ్ళుగా ఉన్న బరువు లేదు. వెతికాను, నిజంగానే లేదు. తేలికగా ఉంది, కాస్త కంగారుగా కూడా ఉంది.

ఆయన గడియారం చూసుకున్నారు. ఇంకా రెండు నిమిషాలున్నట్టున్నాయి. నా చెవి దగ్గరికి వంగి, ఉత్సాహంగా, ఆ చిన్న గొంతుతో “ఇంక ఆ బిందె సంగతి...” అని మొదలెట్టారు.

మళ్ళీ చెయ్యి ఆయన నోటికి అడ్డం పెట్టాను.

“మిగతావాటికి జవాబులు చెప్పకండి. పట్టుబడికి ఇంకా నెల్లాళ్ళుంది” అన్నాను.